300 ప్లాన్, 94 స్పీడు: నెట్ ఎక్కడ ఆగుతోంది?

100 ఎంబీపీఎస్ ప్లాన్ చాలడం లేదని 300కు మారతారు. బిల్లు పెరుగుతుంది. ఆ రాత్రి స్పీడ్ టెస్ట్ పెడితే 94. తెల్లారి పెడితే 94. వారం తర్వాత కూడా 93.8. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే 'ఒకసారి మోడెమ్ ఆఫ్ చేసి ఆన్ చేయండి సర్' అంటారు. ఆఫ్ చేసి ఆన్ చేసినా అదే 94.

ఈ 94ను తిట్టుకోకుండా కాసేపు దాన్నే చూడాలి. లైను మీద జనం ఎక్కువైనా, కంపెనీ దగ్గర కెపాసిటీ తక్కువైనా స్పీడు ఒకచోట నిలవదు. మధ్యాహ్నం 180, రాత్రి 60 అంటూ ఊగుతుంది. గీత గీసినట్టు రోజంతా ఒకే అంకె దగ్గర ఆగిందంటే, దారిలో ఎక్కడో 100 ఎంబీపీఎస్ తూము ఒకటి ఉందన్నమాట. కాలువ నిండా నీళ్లు పారుతున్నా పొలంలోకి వచ్చేది తూము సైజును బట్టే. ప్లాన్ మార్చడం అంటే కాలువను వెడల్పు చేయడం. తూము మాత్రం ఇంట్లోనే ఉంటుంది, చాలాసార్లు టీవీ వెనకాల, దుమ్ములో.

100 ఉండాల్సిన చోట 94 ఎందుకు? ఈథర్నెట్ తీగ మీద డేటా ప్యాకెట్లుగా వెళ్తుంది. పూర్తి సైజు ప్యాకెట్ ఒక్కోటి తీగ మీద 1538 బైట్ల చోటు తీసుకుంటుంది. అందులో చిరునామాలు, తనిఖీ అంకెలు, రెండు ప్యాకెట్ల మధ్య వదిలే ఖాళీ పోగా అసలు సరుకు 1448 నుంచి 1460 బైట్లు. భాగించి చూస్తే 94 నుంచి 95 శాతం. అంటే 94 అనేది నిండా పనిచేస్తున్న 100 ఎంబీపీఎస్ లింకు. దానికి జబ్బేమీ లేదు, దాని చేతనైనంత అది చేస్తోంది. గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్ లింకు మీద ఇదే లెక్కన 940 దగ్గర ఆగుతుంది. అందుకే 1 జీబీపీఎస్ ప్లాన్ తీసుకున్నవాళ్లకు 940 కనిపిస్తే ఫిర్యాదు చేయాల్సిన పనిలేదు.

ముందుగా కంపెనీ యాప్‌లో ప్లాన్ నిజంగా మారిందో లేదో చూసుకోవడం మంచిది. డబ్బు కట్టినా పాత ప్లానే నడుస్తూ, మార్పు తర్వాతి నెల నుంచి అమలయ్యే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. అది సరిగ్గానే ఉంటే తూమును వెతకడం మొదలుపెట్టొచ్చు.

మొదటి అనుమానం తీగ మీద. ఈథర్నెట్ కేబుల్‌లో ఎనిమిది సన్న తీగలు, నాలుగు జతలుగా మెలేసి ఉంటాయి. 100 ఎంబీపీఎస్‌కు అందులో రెండు జతలు చాలు. తీగలను జాక్‌లో బిగించే (క్రింపింగ్) మామూలు పద్ధతిలో అవి నారింజ, ఆకుపచ్చ జతలు. గిగాబిట్‌కు మాత్రం నీలం, గోధుమ జతలు కూడా కావాలి, ఎనిమిది తీగలూ తగలాలి. ఈ నీలం, గోధుమ జతల్లో ఒక్క తీగ జాక్‌లో సరిగా కూర్చోకపోయినా, తలుపు సందులో నలిగి తెగినా, రెండువైపుల పరికరాలూ తమలో తాము మాట్లాడుకుని 100కు దిగిపోతాయి. నెట్ ఆగదు, ఎర్ర లైటు వెలగదు, ఎవరికీ అనుమానం రాదు.

తెలుగు ఊళ్లలో దీనికి ఇంకో కథ ఉంది. పదిపదిహేనేళ్ల కిందట ఇళ్లకు తీగ లాగిన చాలామంది కేబుల్ కుర్రాళ్లు, నాలుగు తీగలతో పని జరుగుతున్నప్పుడు ఎనిమిదీ ఎందుకని నాలుగే క్రింప్ చేశారు. మిగతా నాలుగింటినీ కత్తిరించి వదిలేశారు, లేదా వాటితోనే పక్క గదికి ఫోన్ కనెక్షనో, రెండో నెట్ కనెక్షనో ఇచ్చారు. అప్పటి 2 ఎంబీపీఎస్, 10 ఎంబీపీఎస్ ప్లాన్లకు అది తప్పేమీ కాదు, పొదుపు. ఆ తీగే గోడలో ఉండిపోయింది. ఇప్పుడు దాని మీద 300 రమ్మంటే ఎలా వస్తుంది? కొత్తగా వేయించినవాటిలో కూడా రాగి పూత పూసిన అల్యూమినియం తీగలు దండిగా అమ్ముడుపోతున్నాయి. బ్లేడుతో కొస గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. పది అడుగులకు పర్వాలేదు గానీ, కింది అంతస్తు నుంచి పై అంతస్తుకు లాగితే అది నమ్మదగ్గ తీగ కాదు. క్యాట్ 5ఈ రకం రాగి కేబుల్ 100 మీటర్ల దాకా గిగాబిట్‌ను మోస్తుంది, ఇంటికి అంతకంటే ఖరీదైనది అక్కర్లేదు. షాపువాడు క్యాట్ 8 చూపించి మురిపించినా సరే.

ఇది తేల్చుకోవడం తేలిక. ల్యాప్‌టాప్‌కు తీగ పెట్టి, విండోస్‌లో సెట్టింగ్స్ తెరిచి, నెట్‌వర్క్ విభాగంలో ఈథర్నెట్ మీద నొక్కితే లింక్ స్పీడ్ అని కనిపిస్తుంది. అక్కడ 1000 ఉండాల్సింది 100 ఉంటే నేరం తీగదో, ఏదో ఒకవైపు పోర్టుదో. తీగ మార్చి చూస్తే రెండింటిలో ఏదో తెలిసిపోతుంది. రెండువైపులా జాకులు బిగించి అమ్మే కొత్త తీగ, అంటే ప్యాచ్ కార్డ్ ఖర్చు ప్లాన్ పెంచినందుకు నెలనెలా కట్టే అదనపు బిల్లు కంటే తక్కువే ఉంటుంది.

రెండో అనుమానం ఫైబర్ బాక్సు మీద. ఇళ్లలో అందరూ దీన్ని మోడెమ్ అంటారు, టెక్నీషియన్లు ఓఎన్‌టీ అనో ఓఎన్‌యూ అనో అంటారు. గాజు తీగలో వచ్చే వెలుతురును ఈథర్నెట్‌గా మార్చడం దీని పని. తక్కువ ధర బాక్సుల్లో చాలావాటికి వెనకాల రెండు లాన్ రంధ్రాలు ఉంటాయి. చూడటానికి రెండూ ఒకటే. కానీ ఒకటి గిగాబిట్, రెండోది 100. డబ్బా కింద స్టిక్కర్ మీద 1జీఈ, 1ఎఫ్ఈ అని ఉంటే అర్థం ఇదే. బిగించడానికి వచ్చినవాడు చేతికందిన రంధ్రంలో తీగ గుచ్చి వెళ్లిపోతాడు. తీగను పక్క రంధ్రంలోకి మార్చగానే 94 కాస్తా 280 అయిన ఇళ్లు ఉన్నాయి. ఇంతకంటే చౌకైన రిపేరు ఇంకొకటి లేదు.

మూడోది రౌటర్, జనం ఎక్కువగా మోసపోయేదీ ఇక్కడే. అట్టపెట్టె మీద ఏసీ1200 అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. 1200 అంటే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో 300, 5 గిగాహెర్ట్జ్ రేడియో 867, రెండూ కలిపి పైకి సరిచేసిన అంకె. మామూలుగా ఫోన్ ఒకేసారి రెండు రేడియోలనూ కలిపి వాడుకోదు కాబట్టి ఈ కూడికకు అర్థం లేదు. ఎకరం పొలానికి ఇటు గట్టు, అటు గట్టు కొలిచి కలిపి ఇంత పొడవు అని చెప్పినట్టు ఉంటుంది. అసలు సంగతి పెట్టె పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది. తక్కువ ధర ఏసీ1200 రౌటర్లలో చాలావాటికి వాన్ పోర్టు, అంటే బయటి నెట్ లోపలికి వచ్చే రంధ్రం, 10/100 మాత్రమే. గాలిలోకి 867 వదలగల రేడియోకు లోపలికి వచ్చే నీళ్లే 100. కొనేటప్పుడు చూడాల్సిన మాట 'గిగాబిట్ వాన్', '10/100/1000'. యాంటెన్నాలు ఎన్ని ఉన్నాయన్నది ఆ తర్వాత సంగతి. కొన్ని రౌటర్ల నాలుగు కొమ్ములు చూస్తే దున్నపోతు కూడా జంకుతుంది, లోపల మాత్రం 100 పోర్టే.

పోర్టులన్నీ గిగాబిట్ అయినా స్పీడు 250, 400 దగ్గర ఆగే సందర్భాలు ఉన్నాయి. అప్పుడు రౌటర్ మెదడు చాలడం లేదని అర్థం. ఇంట్లోని పదిహేను పరికరాలకు బయటి ప్రపంచంలో ఒకటే చిరునామా. ఏ ప్యాకెట్ ఎవరిదో గుర్తుపెట్టుకుని, చిరునామా మార్చి పంపే పనిని న్యాట్ అంటారు. కంపెనీ పీపీపీఓఈ వాడుతుంటే, అంటే యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే రకం అయితే, ప్రతి ప్యాకెట్‌కూ ఇంకో తొడుగు వేయాలి, తీయాలి. ఆధునిక రౌటర్లు ఈ పనిని ప్రాసెసర్ మీద వేయకుండా దానికోసమే ఉన్న ప్రత్యేక చిప్పు భాగానికి అప్పగిస్తాయి. అందుకే చిన్న ప్రాసెసర్ ఉన్నవి కూడా 900 దాకా లాగుతాయి.

చిక్కు ఏమిటంటే, సెట్టింగ్స్‌లో క్యూఓఎస్ (ఏ డేటాకు ముందు దారి ఇవ్వాలో చూసేది), ట్రాఫిక్ మీటర్, కొన్ని పేరెంటల్ కంట్రోల్స్ లాంటివి ఆన్ చేస్తే ప్రతి ప్యాకెట్‌నూ ప్రాసెసర్ స్వయంగా చూడాల్సి వస్తుంది, ప్రత్యేక చిప్పు మీదుగా ఉన్న అడ్డదారి మూసుకుపోతుంది. పిల్లలు ఎంత నెట్ వాడుతున్నారో చూద్దామని ఆన్ చేసిన మీటరే స్పీడును సగానికి కోసేస్తుంది. డేటాను రహస్య లిపిలోకి మార్చి పంపే వీపీఎన్‌ను రౌటర్‌లోనే నడుపుతుంటే ఇంకా ఘోరం. చిన్న రౌటర్లు ఆ లెక్కలు చేయలేక పదుల ఎంబీపీఎస్‌కు పడిపోతాయి. స్పీడ్ టెస్ట్ నడుస్తున్నప్పుడు రౌటర్ సెట్టింగ్స్ పేజీ తెరుచుకోవడానికి మొరాయిస్తే అది ప్రాసెసర్ అలసటే. ఆ ఆప్షన్లు తీసేసి మళ్లీ కొలిస్తే తేలిపోతుంది.

ఇప్పటిదాకా చెప్పిందంతా తీగ మీద లెక్క. చాలా ఇళ్లలో ల్యాప్‌టాప్‌కు కూడా ఎవరూ తీగ పెట్టరు. అంతా వైఫై. వైఫైలో 94 లాంటి స్థిరమైన అంకె రాదు, 35, 42, 38 అంటూ వస్తుంది. ఫోన్ ఎక్కడ పెట్టినా 30 నుంచి 50 మధ్యే తిరుగుతుంటే ఫోన్ 2.4 గిగాహెర్ట్జ్ మీద ఉందని దాదాపు ఒట్టేసి చెప్పొచ్చు.

ఈ బ్యాండు, అంటే రేడియో తరంగాల పట్టీ, కథ కొంచెం వివరంగా చెప్పాలి. సింగిల్ యాంటెన్నా ఫోన్ 2.4 గిగాహెర్ట్జ్‌లో, 20 మెగాహెర్ట్జ్ వెడల్పులో, వైఫై 4 అనే పాత తరం పద్ధతిలో కనెక్ట్ అయితే లింక్ స్పీడు గరిష్ఠంగా 72. ఇది కాగితం మీద అంకె. వైఫైలో ఒక సమయంలో ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్లు ఆగాలి. రౌటర్ పంపిన ప్రతిదానికీ అందిందని ఫోన్ జవాబివ్వాలి. ఈ ఎదురుచూపులు, జవాబులు పోగా చేతికొచ్చేది సగం, మహా అయితే అరవై శాతం. అంటే 40 అటూఇటూ. కంపెనీ 300 ఇచ్చినా, 1000 ఇచ్చినా ఆ ఫోన్‌లో కనిపించేది ఇదే.

దానికి తోడు పొరుగు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి తగలని చానళ్లు మూడే: 1, 6, 11. హైదరాబాద్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఫోన్ తీసి వైఫై లిస్టు చూస్తే ఇరవై ముప్పై పేర్లు కనిపిస్తాయి. అందరూ ఆ మూడు చానళ్లలోనే సర్దుకోవాలి. సినిమా విడిచిపెట్టాక ఒక్క గేటులోంచి బయటికి వచ్చే జనంలాగా. బ్లూటూత్ అక్కడే, మైక్రోవేవ్ ఓవెన్ అక్కడే. కొందరు తెలివిగా 40 మెగాహెర్ట్జ్ వెడల్పు పెడతారు, లెక్కకు 150 లింకు కనిపిస్తుంది గానీ అపార్ట్‌మెంట్‌లో అది తనకూ సుఖం లేకుండా, పక్కవాడికీ సుఖం లేకుండా చేస్తుంది. చానల్ 3, 8 లాంటివి పెట్టుకుని ఖాళీగా ఉందనుకోవడం కూడా పొరపాటే. అటు 1 మీద వాళ్ల అల్లరి, ఇటు 6 మీద వాళ్ల అల్లరి రెండూ చెవిన పడతాయి.

5 గిగాహెర్ట్జ్ ఈ గోలకు దూరం. మన దేశంలో ఇళ్లలో, బయట లైసెన్సు లేకుండా వాడుకునేలా ఈ బ్యాండులో 605 మెగాహెర్ట్జ్ దాకా తెరిచింది 2018 అక్టోబర్‌లో. వైఫై 5 ఫోన్ ఒక యాంటెన్నాతో 433, రెండుంటే 867 లింకు కడుతుంది. చేతికి 250 పైన వస్తుంది. దీని లోపమల్లా గోడలు. పల్చటి చెక్క గోడలు కావు మనవి. తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఒకటి దాటితే ఫర్వాలేదు, రెండు దాటితే నీరసిస్తుంది, ఆర్‌సీసీ స్లాబు దాటి పై అంతస్తుకు వెళ్లేసరికి ఊపిరి ఉండదు. ఇక స్టీలు బీరువా సంగతి. రౌటర్‌కూ పడకగదికీ మధ్య గోడనానుకుని బీరువా ఉంటే రేడియోకు అది ఇనప తెర. ఫ్రిజ్ అంతే, గోడకు బిగించిన పెద్ద అద్దమూ అంతే. మన ఇళ్లలో ఫైబర్ బాక్సు ఎక్కడ ఉంటుందో గుర్తుచేసుకోండి: వీధి గుమ్మం పక్కన, చెప్పుల స్టాండు పైన, లేదా మెయిన్ స్విచ్ బోర్డు దగ్గర. బయటి నుంచి తీగ తెచ్చినవాడికి అది దగ్గర. ఇల్లంతటికీ అది దూరం.

చాలా బాక్సులు రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టి, ఏది వాడాలో ఫోన్‌కు వదిలేస్తాయి. ఫోన్లు తరచు గీతలు ఎక్కువ కనిపించే బ్యాండును ఎంచుకుంటాయి, అది 2.4. నాలుగు గీతలు నిండుగా ఉన్నాయి కదా నెట్ ఎందుకు రావడం లేదన్న ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. గీతలు చెప్పేది సిగ్నల్ బలం, స్పీడు కాదు. రెండు బ్యాండ్లకూ వేరువేరు పేర్లు పెట్టి, టీవీ, ల్యాప్‌టాప్, ఫోన్లను 5కు, వైఫై బల్బులు, సీసీ కెమెరాలను 2.4కు కట్టేయడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ పనిచేస్తుంది.

సెట్టింగ్స్ తెరిచినప్పుడే సెక్యూరిటీ ఏముందో చూడాలి. ఎప్పుడో పెట్టిన పాత రకం తాళాలు, డబ్ల్యూఈపీ గానీ, టీకేఐపీ గానీ ఉంటే వైఫై 4 నియమాల ప్రకారమే ఆ కనెక్షన్ 54 పైకి వెళ్లదు. చేతికొచ్చేది ఇరవై చిల్లర. డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ అని మార్చడానికి రెండు నిమిషాలు చాలు.

సిగ్నల్ అందని గదికి రిపీటర్ కొనుక్కునేవాళ్లు ఎక్కువ. ఒకే రేడియోతో విని, అదే రేడియోతో మళ్లీ చెప్పాలి కాబట్టి చౌక రిపీటర్ స్పీడును సుమారు సగం చేస్తుంది. పైగా దాన్ని సిగ్నల్ లేని గదిలోనే పెడతారు. వినపడని చోట నిలబడి దండోరా వేయమన్నట్టు. పెడితే మధ్యలో పెట్టాలి. దానికన్నా ఒక తీగ లాగి, పాత రౌటర్‌నే ఆ గదిలో యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (తీగలో వచ్చిన నెట్‌ను వైఫైగా వదిలే పద్ధతి) పెట్టుకుంటే ఖర్చూ తక్కువ, స్పీడూ ఎక్కువ. గదుల్లో అక్కడక్కడా పెట్టి ఒకే వైఫైగా నడిపే మెష్ కిట్లు బాగానే ఉంటాయి, వాటికీ వెనక తీగ ఉంటేనే పూర్తి బలం. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు గదికో ఏసీ పాయింట్ ఆలోచిస్తారు, గదికో నెట్ పైపు ఆలోచించరు. స్లాబు పడకముందు పైపు వేయడం మేస్త్రీకి పూట పని కూడా కాదు, తర్వాతైతే గోడలు కొట్టాలి.

టీవీల దగ్గర ఒక వింత ఉంది. ఖరీదైన స్మార్ట్ టీవీల్లో కూడా ఈథర్నెట్ పోర్టు 100దే ఉండటం మామూలు. తీగ పెడితే 94, అదే టీవీకి 5 గిగాహెర్ట్జ్ వైఫైలో 200. అయినా తీగే మేలు, ఎందుకంటే 4కే వీడియోకు నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 ఎంబీపీఎస్. స్థిరంగా వచ్చే 94 ముందు ఊగిసలాడే 200 దండగ.

ఆ లెక్కన అసలు ఎంత స్పీడు కావాలన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. కేంద్రం 2023 జనవరిలో బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనాన్ని 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కు పెంచింది. చట్టం కళ్లకు 2 ఉన్నా బ్రాడ్‌బ్యాండే. నలుగురున్న ఇంటికి, రెండు టీవీలు, ఒక ఆఫీసు కాల్ ఉన్నా 100 ప్లాన్ బాగానే సరిపోతుంది, అది నిజంగా గదిలోకి చేరితే. 300 తీసుకుని 40 వాడుకుంటున్న ఇళ్లూ ఉన్నాయి. డౌన్‌లోడ్ చూసి బెంబేలెత్తేవాళ్లకు ఇంకో చిన్న మాట: స్పీడ్ టెస్ట్ బిట్లలో, ఫైల్ డౌన్‌లోడ్ బైట్లలో కనిపిస్తుంది. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 12.5 మెగాబైట్లు. ఎనిమిదో వంతే వస్తోందని గొడవపడి తర్వాత నాలుక్కరుచుకున్నవాళ్లు తక్కువేం కాదు.

స్పీడ్ టెస్ట్‌లో కనిపించని జబ్బు ఒకటి ఉంది. టెస్ట్ పెడితే 95 నిక్షేపంగా వస్తుంది. కానీ మీటింగ్‌లో గొంతు రోబోలా మారుతుంది, ముఖం ఆగిపోతుంది. ఇది సాధారణంగా అప్‌లోడ్ వైపు జరిగే రద్దీ. పెళ్లి నుంచి తిరిగొచ్చి ఫోన్ చార్జింగ్‌కు పెట్టగానే రెండు వేల ఫోటోలు క్లౌడ్‌కు ఎక్కడం మొదలవుతాయి. సీసీ కెమెరా అప్పటికే ఎక్కిస్తూ ఉంటుంది. బయటికి వెళ్లే దారి నిండగానే బాక్సు ప్యాకెట్లను పారేయకుండా వరసలో నిలబెడుతుంది. మెమరీ చౌక కాబట్టి ఆ వరస చాలా పొడుగు. మీటింగ్ మాట ఆ ఫోటోలన్నిటి వెనక నిలబడుతుంది. 10 మిల్లీసెకన్లలో వెళ్లాల్సిన ప్యాకెట్ 300, 500 మిల్లీసెకన్లు ఆగుతుంది. దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. ప్లాన్ పెంచితే కొంత తగ్గుతుంది గానీ పోదు.

కనిపెట్టడానికి ల్యాప్‌టాప్ కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ (ప్యాకెట్ వెళ్లి రావడానికి పట్టే సమయం చూపేది) నడుపుతూ పక్క ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెట్టాలి. అప్‌లోడ్ భాగం వచ్చినప్పుడు పింగ్ అంకెలు పదింతలు అవుతుంటే అదే. మందు కూడా ఉంది. ఎస్‌క్యూఎం అనే పద్ధతి ఉన్న రౌటర్‌లో, అసలు స్పీడులో 90 శాతం దగ్గర మనమే హద్దు పెట్టుకుంటే వరస బాక్సులో పేరుకోకుండా రౌటర్‌లోనే ఉంటుంది, ఫోటోలకూ మాటకూ వంతులవారీగా దారి ఇస్తుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోగల రౌటర్లలో ఇది దొరుకుతుంది. అయితే పైన చెప్పిన అడ్డదారి ఇక్కడ మూసుకుపోతుంది, ప్రాసెసర్ గట్టిదై ఉండాలి. అంత తలనొప్పి వద్దనుకుంటే ఫోటో బ్యాకప్‌ను రాత్రికి మార్చుకోవడం చాలు.

ఆఫ్ చేసి ఆన్ చేయమనే సలహాను ఎగతాళి చేయడం తేలికే గానీ అందులో కొంత నిజం ఉంది. చిన్న రౌటర్ ఏ ప్యాకెట్ ఎవరిదో రాసుకునే పట్టికకు పరిమితి ఉంటుంది. టోరెంట్ లాంటివి ఆ పట్టికను నింపేస్తాయి. ఆఫ్ చేస్తే పట్టిక చెరిగిపోతుంది, రౌటర్ మళ్లీ ఖాళీ చానల్ వెతుక్కుంటుంది, వేడి తగ్గుతుంది. రెండు నెలలకోసారి చేయాల్సి వస్తే మామూలే. రెండు రోజులకోసారి అంటే ఎక్కువగా అడాప్టర్ జబ్బు. 12 వోల్టులు, 1 ఆంపియర్ అడిగే బాక్సుకు ఇంట్లో దొరికిన సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ 12 వోల్టులు, అర ఆంపియర్‌ది పెడితే వెలుగుతుంది, పనిచేస్తుంది, లోడ్ పడగానే పడిపోతుంది. మే నెలలో, మూతపెట్టిన చెక్క అరలో ఉన్న బాక్సు గురించి వేరే చెప్పనక్కర్లేదు.

అమెరికాలో ఉండే తెలుగువాళ్లకు చాలా ఊళ్లలో నెట్ టీవీ కేబుల్ మీద వస్తుంది, అక్కడ తూము వేరే చోట ఉంటుంది. నెలనెలా అద్దె ఎందుకని సొంత మోడెమ్ కొనుక్కుంటారు, స్నేహితుడు ఇల్లు మారుతూ ఇచ్చిన పాతదీ వాడతారు. డాక్సిస్ అనేది ఈ కేబుల్ నెట్ ప్రమాణం. డాక్సిస్ 3.0 మోడెమ్‌లో డౌన్‌లోడ్ చానల్ ఒక్కోటి దాదాపు 38 ఎంబీపీఎస్ మోస్తుంది. 8 చానళ్ల మోడెమ్ అంటే అంతా కలిపి 300 చిల్లర. దాని మీద 600 ప్లాన్ వేయించుకుని రౌటర్ మార్చినా, మెష్ పెట్టినా లాభం లేదు. గిగాబిట్‌కు వెళ్లాలంటే డాక్సిస్ 3.1 కావాలి.

ఇంట్లో అన్నీ సరిగ్గా ఉండి, ల్యాప్‌టాప్‌కు తీగ పెట్టి కొలిచినా స్పీడు ఊగుతుంటే అప్పుడు నేరం బయటిది. ఫైబర్ అయినంత మాత్రాన ఎవరి లైను వాళ్లదని కాదు. ఒకే ఫైబర్‌ను పంచే జీపాన్ పద్ధతిలో కంపెనీ దగ్గరి ఒక పోర్టు నుంచి వచ్చే 2.488 జీబీపీఎస్‌ను స్ప్లిటర్లతో 32 ఇళ్లకో, 64 ఇళ్లకో పంచుతారు. ఈపాన్ అనే ఇంకో పద్ధతి అయితే పంచేదే 1 జీబీపీఎస్. రాత్రి 8 నుంచి 11 దాకా తగ్గి, తెల్లవారుజామున పూర్తిగా వస్తే అది ఈ పంపకంలోనో, కంపెనీ పైనుంచి కొనుక్కున్న బ్యాండ్‌విడ్త్‌లోనో ఉన్న కొరత. నెలాఖరున మాత్రమే తగ్గితే నెలకు ఇంత డేటా అని పెట్టే ఎఫ్‌యూపీ హద్దు దాటిందేమో చూసుకోవాలి. స్పీడ్ టెస్ట్ యాప్ తనంతట తాను ఎంచుకునే సర్వర్ ఒక్కోసారి కంపెనీ సొంత నెట్‌వర్క్‌లోనే ఉంటుంది. ఇంటి వాకిలి దాకా పరుగెత్తి దూరం కొలిచినట్టు. వేరే ఊరి సర్వర్ పెట్టి కూడా కొలవాలి.

ఫైబర్ తీగ తనకు తానుగా పాడయ్యేది తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబర్ 27న ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ తీగలు చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే ఊళ్లకు వెళ్లాయి. ప్రైవేటు ఆపరేటర్లు కూడా స్తంభాలనే నమ్ముకున్నారు. గాలివానకు, ఎత్తుగా లోడు వేసుకున్న లారీలకు తెగుతాయి, అతుకు వేస్తారు. ప్రతి అతుకూ, తలుపు దగ్గర మడిచిన ప్రతి వంపూ కొంచెం వెలుతురును తింటుంది. ఎంత మిగిలిందో బాక్సు సెట్టింగ్స్‌లో ఆర్ఎక్స్ పవర్ అని డీబీఎంలో (వెలుతురు బలం కొలిచే లెక్క) కనిపిస్తుంది. మైనస్ 20 దగ్గరుంటే హాయి. జీపాన్ బాక్సుల్లో మామూలు రకానికి మైనస్ 27 చివరి హద్దు. ప్రతి 3 డీబీ తగ్గుదలకూ వెలుతురు సగమవుతుంది, కాబట్టి మైనస్ 26 అంటే మైనస్ 20లో నాలుగో వంతే. హద్దు దగ్గరికి వచ్చేసరికి తప్పులు పెరుగుతాయి, కనెక్షన్ పడిపోతూ లేస్తూ ఉంటుంది. సిగ్నల్ పోయిందని చెప్పే ఎల్‌ఓఎస్ లైటు ఎర్రగా మిణుకుమిణుకుమంటుంది.

ఇలాంటప్పుడు 'నెట్ స్లోగా ఉంది' అని చెబితే ఆఫ్ చేసి ఆన్ చేయమనే జవాబే వస్తుంది. బాక్సు గిగాబిట్ పోర్టుకు తీగతో ల్యాప్‌టాప్ పెట్టి మూడు రోజులు రాత్రి 9కి, ఉదయం 6కి కొలిచిన అంకెలు, ఆర్ఎక్స్ పవర్ ఎంతుందో స్క్రీన్ షాట్, ఈ రెండూ పంపితే ఫోనెత్తినవాడు చేతులెత్తేసి టెక్నీషియన్‌ను పంపక తప్పదు. ఫిర్యాదుకు గుర్తుగా ఇచ్చే డాకెట్ నంబర్ తీసుకోవాలి. అక్కడ తేలకపోతే, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీకీ అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీ ఒకటి ఉండాలి. అప్పీలుకు ఆ డాకెట్ నంబరే ఆధారం.